ఎనిమిది రెక్కలు

మే పదహారున ఉదయం అయిదుంపావుకి సెయిత్‌కాలి పురుగుమందు చల్లే విమానం ప్రొపెల్లర్‌ను ఎనిమిది రెక్కలే తిప్పాడు. దాని నాలుగు రెక్కలనూ మూడేసిసార్లు, మొత్తం పన్నెండు తిప్పాలి.

తుర్గాయ్ మైదానంలోని ఆ మట్టి రన్‌వే మీద ముప్పై మూడేళ్లుగా అతనిది అదే పని. విమానం ముక్కులో తొమ్మిది సిలిండర్లు గుండ్రంగా పేర్చిన ఇంజను. రాత్రంతా నిలబడితే నూనె కింది సిలిండర్లలోకి దిగుతుంది. పిస్టన్ నొక్కితే గాలి అణుగుతుంది. నూనె అణగదు, పిస్టన్‌ను మోసే కడ్డీ వంగిపోతుంది. అందుకే స్టార్ట్ చేసేముందు ఒక్కో రెక్కనూ భుజంతో నెడుతూ లెక్కపెట్టాలి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆగి, కింది ప్లగ్గు విప్పి నూనె వంచెయ్యాలి.

ఈ ఇంజను వేసవి గట్టెక్కితేనే వచ్చే ఏడూ ఉంటుందని, లేకపోతే టర్బైన్ ఇంజను పెట్టిస్తానని యజమాని చెప్పాడు. టర్బైన్‌తో పాటే దాని మెకానిక్కూ వస్తాడు.

"బాబాయ్, మిడతలు గోధుమచేలదాకా వచ్చేశాయట. నీ ముసలిదాన్ని లేపు తొందరగా!" పైలట్ బాల్జాన్ కిటికీలోంచి అరిచింది.

"తొందరపెడితే తంతుంది పిల్లా." నాలుగు. అయిదు.

"టర్బైన్‌కయితే ఈ భుజాల సేవ ఉండదు. కిరోసిన్ పోసి మీట నొక్కడమే."

"ఏముంది అందులో? గాలి ఇటు దూరి అటు పోతుంది, చక్రం తిరుగుతుంది. ఇదైతే పీలుస్తుంది, నొక్కుతుంది, మండిస్తుంది, వదుల్తుంది. నీలాగా నాలుగు పనులు చేస్తుంది."

"నీలాగా దగ్గుతుంది కూడా!"

నవ్వాడు. నవ్వాక ఎన్నో రెక్కో గుర్తురాలేదు. మొదటినుంచీ తిప్పాల్సింది.

"అయింది, స్టార్ట్ చెయ్యి," అన్నాడు.

ప్రొపెల్లర్ అర చుట్టు తిరిగింది. లోపల ఒక్క దెబ్బ. అంతే, ఆగిపోయింది.

బాల్జాన్ దిగొచ్చింది.

"ఎనిమిదే తిప్పావు బాబాయ్. నేను లెక్కపెట్టాను."

"మరి చెప్పవేం?"

"నువ్వు తప్పుతావని ఎలా అనుకుంటాను? నేనే పొరపడ్డాననుకున్నా." గొంతు తగ్గించింది. "పాత కడ్డీ కదా, దానంతటదే వంగిందని రాసెయ్యి. ఎవరు చూడొచ్చారు?"

సెయిత్‌కాలి రిజిస్టరు తెరిచి రాశాడు: 'ఎనిమిది రెక్కలు. తప్పు నాది.' సంతకం చేశాడు. పదింటికి పాలలారీ వస్తే డ్రైవరు పక్కన ఎక్కాడు. బాల్జాన్ చెయ్యి ఊపింది. అతను చూడలేదు.

మధ్యాహ్నం యజమాని మనిషి వచ్చి అడుగునున్న అయిదో సిలిండరు కింది ప్లగ్గు విప్పాడు. కింద పెట్టిన రేకుడబ్బాలో గ్లాసెడు నూనె పడింది.