ఒక్క పేజీలో పట్టిన రిపోర్టు

మహిమ చేతికి రిపోర్టు అప్పజెప్పడమంటే పెళ్లికూతుర్ని ముస్తాబుకు అప్పజెప్పినట్టే. గీతకు గీత ఎదురుగా నిలబడాలి, అంకెలు కుడివైపుకు బుద్ధిగా సర్దుకోవాలి. ఒక్క అక్షరం పక్క గడిలోకి తొంగి చూసినా ఆ పూట ఆమెకు అన్నం సయించదు. నందిగామ మెయిన్ రోడ్డు మీద ఎరువుల షాపు పైన ఉన్న క్వారీ ఆఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటరు. సున్నపురాయి తవ్వే ఆ క్వారీ మాత్రం జగ్గయ్యపేట దాటాక ఎక్కడో కొండ పక్కన ఉంది. ఆమె తమ్ముడు జయరాజ్ అక్కడ డ్రిల్లు నడుపుతాడు. వాడికి ఆ పని ఇప్పించింది కూడా తనే.

క్వారీలో పద్ధతి ఏమిటంటే, పగలు రాతిలో డ్రిల్లుతో హోల్స్ వేస్తారు, సాయంత్రం వాటిలో మందు దట్టించి పేలుస్తారు. పేల్చే బాధ్యత దశరథరామయ్యది. కొండను మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ పోతారు, ఒక్కో మెట్టును బెంచి అంటారు. ఏ బెంచిలో ఎన్ని పేలాయో, ఏం జరిగిందో ఆయన అక్కడి కంప్యూటర్లో టైపు చేసి తన ఊరు వీరులపాడు వెళ్లిపోతాడు. పొద్దున వచ్చే డ్రిల్లు వాళ్లకు ఆయన మొహం కనపడదు, ఆయన రాసిందే కనపడుతుంది. గేటు కాపలా రత్నబాబు ఆ రిపోర్టు ప్రింటు తీసి అద్దాల ఫ్రేములో పెడితే, అది చదువుకుని కొండెక్కుతారు.

ఆ రిపోర్టు రెండు పేజీలు వచ్చేది. మేనేజరు కిషోర్‌బాబుకు అది కంట్లో నలుసైంది.

"రెండో కాగితం గాలికి ఎగిరిపోయి కంపల్లో పడుతోందమ్మా. పైవాళ్లు ఎవరన్నా వచ్చి చూస్తే నవ్విపోతారు. ఒక్క పేజీ చెయ్యి. ఫ్రేములో పట్టాలి, అంతే" అన్నాడు.

మహిమకు ఇలాంటి పనంటే ప్రాణం. అంచులు తగ్గించింది, అక్షరాలు చిన్నవి చేసింది, తేదీ కాలమ్ కుదించింది. అన్నీ లొంగాయి గానీ 'వివరాలు' అన్న కాలమ్ మాత్రం లొంగలేదు. దశరథరామయ్య వేదాద్రి నరసింహస్వామి భక్తుడు. స్వామిని తలవకుండా చాకలిపద్దు కూడా రాయడు. ఏ రోజు చూసినా మొదటి వాక్యం ఒక్కటే: 'శ్రీ వేదాద్రి నరసింహస్వామి దయవల్ల పని సాఫీగా జరిగినది.' మహిమకు అదేం తప్పనిపించలేదు. వాళ్ల నాన్న శాంతయ్య చిన్న చీటీ రాసినా ప్రభువు నామంతోనే మొదలుపెట్టేవాడు. రోజూ ఈ ముక్కే కదా, దీనికి ఒక్క వరుస చాలదా అనుకుంది. అక్షరాలు ఎక్కువైతే గడి దానంతటదే కిందికి సాగే ఏర్పాటు ఒకటుంటుంది. దాన్ని తీసేసింది. రిపోర్టు కొలిచి కుట్టిన జాకెట్టులా ఒక్క పేజీలో కూర్చుంది.

కిషోర్‌బాబు ఆఫీసులో అందరికీ చూపించి మెచ్చుకున్నాడు. ఇల్లలకగానే పండగ కాదని చెప్పే పెద్దదిక్కు ఆ ఆఫీసులో లేకపోయింది. ఆ స్వామి దయ తర్వాత ఆయన ఇంకేం రాస్తున్నాడో చూసే నాథుడూ లేకపోయాడు. ఆ నెలంతా జయరాజ్ వాళ్లు ఆ ఒక్క వరుసే చదువుకుని కొండెక్కారు.

ఒకరోజు పొద్దున తనిఖీ కోసమని మహిమ పాత వివరాలన్నీ స్క్రీను మీద తెరిచింది. కొత్తవి పైన, పాతవి కింద. నిన్నటి గడి మీద నొక్కింది. లోపలున్నది మొత్తం విచ్చుకుంది.

'శ్రీ వేదాద్రి నరసింహస్వామి దయవల్ల పని సాఫీగా జరిగినది. అయిదో బెంచిలో ఆరో హోల్ పేలలేదు. మందు లోపలే ఉన్నది. తీసేవరకు దరిదాపుల్లో డ్రిల్లు పెట్టవద్దు.'

జయరాజ్‌కి ఆ రోజు పని అయిదో బెంచిలోనే. పొద్దున టిఫిన్ బాక్సు అందుకుంటూ వాడే చెప్పాడు. మహిమ వెంటనే వాడి నంబరు నొక్కింది. వాడి ఫోను మోగి మోగి ఆగిపోయింది. మందు పేల్చే చోటు కాబట్టి కొండ మీదికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, మేనేజరైనా సరే గేటు దగ్గర పెట్టెలో వెయ్యాల్సిందే. గేటు గదికి చేసింది. రత్నబాబు ఎత్తాడు.

"రత్నబాబన్నా, అయిదో బెంచిలో డ్రిల్లు ఆపించండి! ఆరో హోల్‌లో మందు పేలలేదంట!"

"అదేందమ్మా, ఫ్రేములో సాఫీ అనే ఉందిగా?"

ఆ మిగతాది నేనే కోసేశానన్నా అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. సిగ్గు మహా చెడ్డది, ప్రాణం కంటే ముందు అదే పరిగెత్తుతుంది.

"రామయ్య గారు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. రాయడం మర్చిపోయారంట. ముందు మీరు పరిగెత్తండన్నా!"

ఫోను పెట్టేసి ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. మాటలు కుదరలేదు, ప్రభువా ప్రభువా అన్నదొక్కటే వచ్చింది. ఎప్పటికో జయరాజ్ నుంచి ఫోను.

"అక్కా, బతికించావే! రాడ్డు దించబోతుంటే రత్నబాబు ఈల వినపడింది. కాస్త ఆలస్యమైతే మన పని అయిపోయేది."

మహిమ ఏడ్చేసింది. "ఇంటికొచ్చెయ్ రా, ఇవాళ్టికి చాలు."

"ఎట్టా వస్తా? మేనేజరు సార్ ఇక్కడే ఉన్నాడు. రామయ్య మతిమరుపు మనిషని తిట్టిపోశాడులే. పాత రిపోర్టులన్నీ తిరగేశాడు. మూడో బెంచిలో ఒక్కరోజు కూడా గొడవ లేదంట, అంతా సాఫీ అని ఉందంట. డ్రిల్లు అక్కడికి మార్చమన్నాడు. ఇప్పుడే తోలుకుపోతున్నా. ఉంటా, ఫోన్ పెట్టెలో వెయ్యాలి."

"ఒరేయ్, ఆగు..." అంది. అప్పటికే పెట్టేశాడు.

ఒకరోజు రాయడం మర్చిపోయాడంటే మిగతా రోజులన్నీ సరిగ్గా రాసినట్టే కదా. ఆమె ఆడిన అబద్ధానికి వాళ్లు తీసుకున్న అర్థం అది. తప్పు వాళ్లదా? స్క్రీను మీద పాతవి ఒక్కొక్కటే తెరిచింది. స్వామి దయ, అన్నీ పేలినవి. స్వామి దయ, లారీ టైరు పంక్చరు. స్వామి దయ, వర్షము. చాలా కింద మూడో బెంచి వచ్చింది.

'...పని సాఫీగా జరిగినది. మూడో బెంచి తూర్పు చివర రెండు హోల్స్ పేలలేదు. పైన మట్టి పడి కప్పుకుపోయినది, గుర్తు తెలియుట లేదు. నేను చెప్పువరకు ఈ బెంచిలోకి ఎవరూ పోరాదు.'

గేటు గది ఫోను మోగుతూనే ఉంది. పెట్టేసి మళ్లీ చేసింది. మళ్లీ. చివరికి రత్నబాబు రొప్పుతూ ఎత్తాడు. "డ్రిల్లుకు జెండా ఊపి దారి చూపించి ఇప్పుడే దిగొచ్చానమ్మా, ఏందీ?"

"మూడో బెంచి కూడా వద్దన్నా! అక్కడ కూడా పేలనివి ఉన్నాయి. ఆపండి!"

"అదేంది? ఇందాక అయిదోది అంటివి. సార్ కాగితాలు చూసే పంపించాడుగా?"

"ఆ కాగితాలు నమ్మొద్దన్నా! రామయ్య గారు అన్నీ రాశారు. పేజీలో పట్టడం లేదని నేనే కోసేశా. రోజూ కోసేశా. నా తమ్ముణ్ణి ఆపండన్నా, మీ కాళ్లు పట్టుకుంటా!"

రత్నబాబు ఫోను బల్ల మీద పడేసి పరిగెత్తిన చప్పుడు, ఆ వెనక ఈల వినిపించాయి. ఈల దూరమవుతుంటే, దానికంటే దూరంగా డ్రిల్లు మోత మొదలైంది. మహిమ ఫోను చెవికి నొక్కుకుని తమ్ముడి పేరు పెట్టి అరిచింది. కింద ఎరువుల షాపు వాళ్లు మెట్లెక్కి వచ్చి ఏమైందమ్మా అని అడుగుతున్నారు.

ముందు డ్రిల్లు మోత ఆగింది. ఆగిందిలే, ప్రభువా, ఆగిందిలే అనుకునేలోపే ఫోనులోంచి పేలుడు చెవిలో బద్దలైంది. ఆ తర్వాత ఈల వినపడలేదు. గేటు గది రేకుల మీద రాళ్లు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.