మూడు పూటల కాపీ

అంజనప్ప మామిడి అంటు కడితే అతికిన సంగతి చెట్టుకు కూడా తెలియదని కుందారపల్లి చుట్టుపక్కల చెప్పుకునేవారు. రెండువేల మూడులో ఆ కుడిచెయ్యి వణకడం మొదలైంది. కత్తి ఒకచోట పెడితే గాటు ఇంకొకచోట పడేది. ఆ చెయ్యి కుదురుకుంటే చాలని భార్య పుట్టమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి హోసూరు తీసుకుపోయింది.

డాక్టరు వణుకురోగమన్నాడు, మాత్రలు రాశాడు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కొత్తగా చదివొచ్చిన కుర్రాడు, నోరు ఊరుకోలేదు.

"కాపీ తాగేవాళ్లకి ఈ జబ్బు తక్కువ వస్తుందంటున్నారమ్మా. అందులో కెఫీన్ ఉంటుంది. అదీ, ఒంట్లో అది విరిగి తయారయ్యే పదార్థాలూ మెదడు కణాలు చావకుండా కాపాడతాయేమోనని ఎలుకల మీద చూస్తున్నారు. ఇంకా తేలలేదనుకోండి."

పుట్టమ్మ చెవికెక్కింది కాపీ ఒక్కటే.

మాత్ర మింగితే అంజనప్పకు కడుపులో తిప్పి వాంతయ్యేది. "నాకొద్దు పోమే" అని మొండికేశాడు.

"పోనీలే, కాపీ ఉండాది కదా" అంది పుట్టమ్మ.

మూడు పూటలా కాచింది. పక్కన కూర్చుని తాగించింది. ఒక్క పూట తప్పలేదు, ఆ తల్లి. మనిషి మాత్రం కొయ్యబారుతూ వచ్చాడు. అడుగు పడదు, మాట పెగలదు. రెండేళ్లకు మళ్లీ హోసూరు పోయారు.

"మాత్రలెందుకు ఆపినారు?" అన్నాడు డాక్టరు.

"మీరు చెప్పిన కాపీ ఇస్తా ఉండాను సార్. శొంఠి, ధనియాలు నేనే దంచి, బెల్లమేసి..."

డాక్టరు అడ్డుపడ్డాడు. "అది సుక్కు కాపీ కదమ్మా, శొంఠి కషాయం. దాంట్లో కాపీగింజ ఒక్కటీ ఉండదు."

పుట్టమ్మ ఇంట్లో నల్లగా కాగేదంతా కాపీయే, పాలు పోస్తే టీ. పుట్టింట్లోనూ అంతే.

"గింజలేసుంటే బాగయ్యేదా సార్?"

"చెప్పలేనమ్మా. వచ్చిన జబ్బుకి అది మందు కాదు. మాత్రలు వాడుంటే ఇన్నాళ్లూ చేతులు కాస్త ఆడేవి."

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది పుట్టమ్మకు. అతను తిట్టలేదు. మళ్లీ అవే మాత్రలు రాశాడు, ఇప్పుడెంత పనిచేస్తాయో చూద్దామన్నాడు.

బల్ల మీద పడుకున్న అంజనప్ప పెదాలు కదిలాయి. ఆమె వంగి చెవి పెట్టింది.

"నాకు బాగైతాదని తాగలేదు మే. నువ్వు నమ్మినావని తాగినాను."

పుట్టమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, అందరి ముందూ ఏడ్చింది.