కళ్ళారా చూసిన ఊరు

మా నాయనను దొంగ అని రాసిన మనిషి పేరు ఓబులేసు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. అక్కడి వారపత్రికలో ఆయన ‘రాజధాని ముచ్చట్లు’ రాసేవాడు. ఏ మంత్రి ఎవరి మీద అలిగాడు, ఏ గుడారంలో ఏ సర్కారు కచేరీ పెట్టారు, గాలికి ఎవరి కాగితాలు ఎగిరిపోయాయి, అన్నీ నవ్వు పుట్టేట్టు రాసేవాడు. ఆ పత్రిక మా ఊరికి దగ్గర్లోని కోడుమూరులో కంబన్న అంగడికి వచ్చేది. ఆయన గట్టిగా చదువుతుంటే ఉప్పుకూ మిరపకాయలకూ వచ్చినవాళ్ళంతా నిలబడి వినేవాళ్ళు.

ఆ ఏడు కరువు. మా ఊరి గంజి కేంద్రంలో మా నాయన బసవన్న వండేవాడు. కంట్రాక్టరు పంపే రాగిపిండి రానురాను తగ్గింది. గంజి నీళ్ళయింది. నాయన తన వంతు కూడా ముసలివాళ్ళ ముంతల్లో పోసి, ఇంటికొచ్చి చింతచిగురు నమిలేవాడు. అప్పుడు ఓబులేసు రాశాడు: “ఆ ఊరికి స్వయంగా వెళ్ళాను. వంటమనిషి బసవన్న పిండి అమ్ముకుని, జనానికి నీళ్ళు పోస్తున్నాడు. కళ్ళారా చూశాను.”

మా ఊరికి ఎవరూ రాలేదు. కొత్త మనిషి అడుగుపెడితే కుక్కల కంటే ముందు ఆడవాళ్ళకు తెలుస్తుంది.

మా ఊరివాళ్ళు నమ్మలేదు కానీ చుట్టుపక్కల వాళ్ళు నమ్మారు. సంతలో ఎవడో, “ఏమప్పా గంజి బసవన్నా, పిండి సేరెంత?” అన్నాడు. ఆ రోజు నుంచి నాయన ఊరు దాటలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తినమంటే లేచి తినేవాడు, మళ్ళీ గోడ వైపు తిరిగేవాడు.

నాకు అరిచే అలవాటు లేదు. పక్క ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఓబులేసు ప్రతివారం చివర్లో, “సందేహాలుంటే అడగండి. నా రాతలో తప్పుంటే మొగమాటం లేకుండా చెప్పండి” అని రాసేవాడు. మొగమాటం లేకుండానే ఒక కార్డు రాశాను. అది అచ్చు కాలేదు. ఆయనకు ఎలాంటి కార్డులు కావాలో అప్పుడు తెలిసింది.

పొగడడం మొదలుపెట్టాను. “వానొస్తే గుడారాల్లో మంత్రులు ఏం చేస్తారు సార్?” అని అడిగాను. అచ్చయింది. ఇంకొకటి అడిగాను. “మా పల్లెటూరి చెల్లెలు ఈరక్క” అంటూ జవాబు ఇచ్చాడు. కంబన్న అది చదివి నా వైపు చూశాడు.

“ఏం మే, మీ నాయనను తిట్టినోనికే దండాలు పెడ్తాండావే, సిగ్గనిపించలేదా?”

ఉప్పు కట్టించుకుని వచ్చేశాను.

జొన్న పైరు మోకాలెత్తు వచ్చినప్పుడు అసలు కార్డు రాశాను. “అన్నా, మీరు మా గంజి కేంద్రానికి రావడం మా అదృష్టం. ఆ రోజు నేను చేనికి పోయి ఉంటిని. మీరు ఎక్కడ కూర్చున్నారు, గంజి ఎవరు పోశారు, రాస్తే మా ఊరివాళ్ళు చెప్పుకుంటారు.”

జవాబు సగం పేజీ వచ్చింది. “చెల్లీ, మీ బడి వరండాలో కూర్చున్నాను. పిల్లలు పలకలు పక్కన పెట్టి నా చుట్టూ మూగారు. ఒక అవ్వ దొన్నెలో గంజి పోసింది. ఆమె కన్నీటి చుక్క అందులో పడింది.”

కంబన్న చదువుతూ ఆగిపోయాడు. మా ఊళ్ళో బడి లేదు. బడి ఇమ్మని అర్జీలు పెట్టి పెట్టి పెద్దలు అలిసిపోయారు. గంజి వండింది పీర్ల చావిట్లో. పీర్ల పండగకు చుట్టూ ఊళ్ళన్నీ ఆ చావిడికే వస్తాయి. అంగట్లో నిలబడ్డ ప్రతి ఒక్కరూ దాని ముందర చిందేసి ఎగిరినవాళ్ళే. కర్నూల్లో కుర్చీలో కూర్చున్నవాళ్ళకు గంజి కేంద్రమంటే బడి వరండానే కనబడుతుంది.

“మే ఈరక్కా, మీ ఊర్లో బడి యాడుండాది?”

“నాకేం తెలుసు కంబన్నా? పేపర్లో ఉండాదంటే ఉండాది.”

అంగడంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పేపరు అడిగి తెచ్చుకున్నాను.

ఊరి పెద్దలతో కొత్త అర్జీ పెట్టించాను. “మా ఊరికి బడి ఉందని పత్రికలో చదివి సంతోషించాము. అయ్యవారు మాత్రం కనబడలేదు. వెతికి పంపించండి” అని రాసి, వేలిముద్రలు వేయించి, పేపరు ముక్క జతచేసి మా శాసనసభ్యునికి పంపాను. ఆయన దాన్ని సభలో చదివాడంట. ఓబులేసు వెక్కిరించిన మంత్రులే అందరికంటే గట్టిగా నవ్వారంట.

తర్వాత ఓబులేసు నిజంగానే మా ఊరికి వచ్చాడు. ఎర్రమట్టి చొక్కా దాకా ఎక్కింది. నాయన లేచి చాప పరిచాడు.

“నువ్వేనా అమ్మా ఈరక్క?” అన్నాడు ఓబులేసు. నేను ఇంత చిన్నదాన్నని అనుకోలేదేమో. “ఎంత పని చేశావు! మా ఓనరు తీసేస్తానంటున్నాడు. నేను ఈ ఊరికి వచ్చిన మాట నిజమేనని ఒక్క ముక్క రాసివ్వు. మీ నాయన మంచివాడని వచ్చే వారమే రాస్తాను.”

“పిండి సంగతి మీకెవరు చెప్పినారు సార్?”

ఆయన చొక్కా మీది ఎర్రమట్టి దులుపుకున్నాడు.

“అది రాయండి ముందు. ఆ తర్వాత నేను రాసేది చూద్దాం.”

“రాసియ్యి పాపా, యాడనుంచో వచ్చినాడు పాపం,” అన్నాడు నాయన.

నేను ఓబులేసునే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఎంతోసేపు చెమట తుడుచుకున్నాడు. చివరికి కలం తీశాడు. పిండి అమ్మడం కళ్ళారా చూడలేదని, కంట్రాక్టరు చెప్పిన మాటే రాశానని, బసవన్న దొంగ కాడని రాసి సంతకం పెట్టాడు. చదివి మడిచి రవికెలో పెట్టుకున్నాను.

“మరి నీది?”

“నేను రాసేదేమీ లేదు సార్. నిజం మీరే రాసినారు కదా.”

“నా ఉద్యోగం పోతుందమ్మా!”

“మా నాయన ఎండాకాలం నుంచీ గోడనే చూస్తాండాడు. మీరు కూడా కొన్నాళ్ళు చూడండి.”

ఆ కాగితం పత్రిక ఓనరుకే పంపాను. ‘రాజధాని ముచ్చట్లు’ ఉండే చోట అదే అచ్చయింది. కంబన్న దాన్ని రెండోసారి కూడా చదివాడంట, వినని వాళ్ళ కోసం. ఆ వారం నాయన తలపాగా చుట్టుకుని సంతకు పోయాడు. పొద్దువాలి వచ్చి గడపలో కూర్చున్నాడు.

“ఆ ఓబులేసును తీసేసినారంట. చిన్న పిల్లోళ్ళున్నారంట పాపా ఆయనకు.”

నేను కొర్రలు చెరుగుతున్నాను. చేట ఆపలేదు.