నువ్వూ నేనూ ఆగం

గోదావరిఖనిలో రాక్ బ్యాండు పెట్టడమే ఒక తిక్క పని. రెండో ఆల్బం కూడా చేస్తున్నారంటే ఆ తిక్క బాగా ముదిరిందన్నమాట. 'మూడో షిఫ్టు' అనే ఆ బ్యాండులో ఉన్నదే ముగ్గురు. పాటలు రాసి గిటారు వాయించే వేణుమాధవ్, డ్రమ్స్ కొట్టే శివ, పాడే ప్రసూన. మొదటి ఆల్బంలో సైరన్లూ, డ్యూటీలూ, బొగ్గూ ఉన్నాయి గనక కాలనీ అంతా చెవులప్పగించి విన్నది. ఇప్పుడు రెండువేల ఎనిమిదిలో చేస్తున్న రెండోదాంట్లో ఎనిమిది పాటలుంటే ఎనిమిదీ వేణు, ప్రసూనల కొట్లాటలే.

"అండ్ల బొగ్గు, ఇండ్ల నీ కడుపుమంట. రెండూ ఒకటే తియ్యి," అనేవాడు శివ.

ఇద్దరికీ ఎక్కడ చెడిందయ్యా అంటే వేణుకే తెలియదు పాపం. ప్రసూన వాళ్లది తణుకు. వాళ్ల నాన్న రవికాంత్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు. బదిలీ మీద జ్యోతినగర్ క్వార్టర్సుకు వచ్చి ఏడాదవుతోంది. ప్రేమలో పడ్డ మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత ఆమె పలకరిస్తే ఇతనికి అనుమానం, పలకరించకపోతే కోపం. ఇంట్లో ఎప్పుడు చెప్తావని ఇతనే నిలదీస్తాడు, ఇవాళే చెప్తానంటే ఇప్పుడే వద్దని మళ్లీ ఇతనే వెనక్కి లాగుతాడు. ఇట్లాంటి మనిషితో వేగడం ఎవరి తరం చెప్పండి?

పది రోజుల కింద ప్రసూనకు విశాఖపట్నంలో ఎంసీఏ సీటు వచ్చింది.

"ఉండమంటావా, వెళ్లమంటావా? ఒక్క మాట చెప్పు వేణూ. ఉండమంటే ఇక్కడే ఏదో ఒకటి చదువుకుంటాను," అంది.

వేణు లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. ఉండమంటే తనవల్లే చదువు పాడైందని రేపు అంటుంది. వెళ్లమంటే నిజంగానే వెళ్లిపోతుంది. నాలుగు రోజులు తల పట్టుకుని కూర్చుని, నోటితో చెప్పడం చేతగాక, చివరికి ఎనిమిదో పాట రాసి నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టాడు. 'నువ్వూ నేనూ ఆగం' అన్నది దాని పల్లవి. ఇద్దరం చెడిపోయాం, దిక్కుతోచకుండా అయ్యాం, ఇక చాలు అని అతని ఉద్దేశం.

రికార్డింగు శివ వాళ్ల బొగ్గు కంపెనీ క్వార్టరులో. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, ఫ్యాను చప్పుడు పడకుండా ఆపేసి, చెమటలు కక్కుతూ పాడాలి. శివ తండ్రి సదయ్య మొదటి షిఫ్టు దిగి వచ్చేలోగా ముగించాలి. మధ్యలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే కిటికీలు దడదడలాడతాయి గనక అంతసేపూ నోరు మూసుకుని కూర్చోవాలి.

ఆ రోజు ప్రసూన నవ్వు మొహంతో వచ్చింది. పల్లవి దగ్గర ఏడుపు గొంతు రావాలి కదా, ఆమె 'ఆగం' అన్న మాటను పైకెత్తి, సాగదీసి, కళ్లు మెరుస్తుండగా పాడింది. వేణుకు ఒళ్లు మండింది. చెడిపోయామని పాడుతూ ఇంత సంతోషమేమిటి, పీడ విరగడైందనా?

శివ స్టిక్కులు పక్కన పెట్టి పకపకా నవ్వాడు. "ఏంది ప్రసూన, ఆగమైతే గంత ఖుషీనా?"

"ఎవరు ఆపినా మనం ఆగం అంటే ఖుషీ కాదా మరి?" అని ఆమె వేణు వైపు తిరిగింది. "నోటితో చెప్పలేకపోయినా రాశావు, నాకది చాలు. పొద్దున్నే స్టేషనుకెళ్లి, ఈ సాయంత్రానికి తీసిపెట్టుకున్న విశాఖ రైలు టికెట్టు క్యాన్సిల్ చేయించాను. నాన్నకి మన సంగతి చెప్పేశాను."

ఆమె పాడిన 'ఆగం' వేరని వేణుకు అప్పుడు వెలిగింది. ఏడాదిగా ఇక్కడే ఉంది, ఆ మాట ఒక్కసారైనా చెవిన పడలేదా? అందరూ బయటి ఊళ్లవాళ్లే ఉండే జ్యోతినగర్ క్వార్టర్సులో ఎవరంటారు గనక పడటానికి! చెప్పకుండా ఊరుకుంటే సరిపోతుందనిపించింది. కానీ శివ నోరు ఊరుకుంటుందా?

"ఆగమంటే గట్ల కాదు ప్రసూన. ఖరాబైపోవుడు. ఆగమైనమంటే మన పని అయిపోయిందని."

ప్రసూన నోటుబుక్కులో ఆ పల్లవి మీద వేలు పెట్టింది. "నువ్వు రాసింది ఏ ఆగం వేణూ?"

"రాసినప్పుడు శివ చెప్పిందే."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నాకేం సమజైతలేదు."

ఆమె అరవలేదు, ఏడవలేదు. "అయితే నీ అర్థంతో కూడా ఒకసారి పాడతాను," అని పాడింది. వేణు అడిగిన గొంతు సరిగ్గా అదే. అది వింటుంటే వేణుకు చెవులు మూసుకోవాలనిపించింది. పాట ముగించి ఆమె నోటుబుక్కు డ్రమ్ము మీద పెట్టి, బయటికెళ్లి స్కూటీ స్టార్టు చేసింది.

వేణు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. "ప్రసూనా, ఆగు."

ఆ మాటకు తణుకులోనైనా ఖనిలోనైనా ఒకటే అర్థం. ఆమె ఒక కాలు నేలకు ఆనించి, "ఆగాను. చెప్పు," అంది.

ఉండు అనాలి, అంతే. కానీ వాళ్ల నాన్న ఏమంటాడు, ఆమె చదువేం కావాలి, మళ్లీ వారానికి తనకే అనుమానమొస్తే? అంతలో బ్లాస్టింగు సైరన్ కూసింది. వీధిలో కిటికీలన్నీ దడదడలాడి సద్దుమణిగాయి. ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఇంతసేపూ నమిలి నమిలి మహానుభావుడు చివరికి అన్న మాట ఇది.

"టికెట్ మళ్ల దొరుకుతదా?"

ప్రసూన అతన్ని ఎగాదిగా చూసింది. "జనరల్లో వెళ్తాలే," అని వెళ్లిపోయింది.

నెల తర్వాత డిస్కు తయారైంది. ఎనిమిదో పాటకు ఏ టేకు వెయ్యాలని శివ అడిగితే వేణు ఒక్క క్షణం కూడా తడబడలేదు, మొదటిదే అన్నాడు. సదయ్య డ్యూటీ దిగి వచ్చి, మంచం మీద కూర్చుని టీ తాగుతూ ఆ పాట ఆసాంతం విన్నాడు.

"పాట మంచిగనే ఉన్నది గని, గా పిల్ల ఆగమైనమనుకుంట గట్ల నవ్వుతదేందిరా?"

"ఆమె ఆగం అనే అన్నది కాకా," అన్నాడు వేణు. "నేనే ఆగం చేసిన."