మూడో గడిలో పేరు

రెండు టెర్మినళ్ళు తెరిచి పోతురాజు మూడోదాని ముందుకు జరిగాడు. కుర్చీలో కూర్చోలేదు. నడుం వంచి, చూపుడువేళ్ళు రెండింటితోనే తన పేరు కొట్టాడు, తన పాస్‌వర్డ్ కొట్టాడు, నల్లటి తెర మీద పచ్చటి గీత మినుకుమినుకుమంటే చూసి వెనక్కి వచ్చాడు. వన్ టౌన్‌లో షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. కింద పార్సిలు గోడౌన్ ముందు తోపుడుబండ్లు ఒకదానికొకటి అడ్డం పెట్టుకుని బండివాళ్ళు ఒకరి వంశాన్ని ఒకరు తలుచుకుంటున్నారు.

రోజూ అయితే ఆ గొడవ కిటికీలోంచి కాసేపు చూసి నవ్వుకునేవాడు. ఇవాళ కంకిపాడులో బస్సెక్కినప్పట్నుంచే అతనికి ఒకచోట కాలు నిలవడం లేదు. ఈ పార్సిలు లారీల కంపెనీని హైదరాబాదు వాళ్ళు కొన్నారు. ఈ పాత మెషిను తీసేసి కొత్తది పెడతారు. కొత్తదాని దగ్గర ఒక్క మనిషి చాలన్నారు. ఇక్కడ పనిచేసే ముగ్గురిలో జయపాల్‌ని కింద బుకింగ్ కౌంటరుకి పంపుతారు, అది తేలిపోయింది. మిగిలింది తనూ, సత్యశ్రీ. ఇద్దరిలో ఎవరో ఇవాళ సాయంత్రానికి తేలాలి.

పోతురాజుకి యాభై ఆరు. పొట్టి మనిషి, గట్టి మనిషి. చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుంటాడు, జుట్టుకి రంగు వేస్తాడు, చెవుల పక్కన మాత్రం వెయ్యడం మరిచిపోతాడు. బందరు దగ్గర సముద్రం మీద బతికిన కుటుంబం. వల లాగిన తాత చేతులూ తండ్రి చేతులూ అతనికే వచ్చాయి. ఆ చేతులతో కీబోర్డు కొడితే మెట్ల దాకా వినిపిస్తుంది. పామర్రులో టైపు నేర్చుకుని, పార్సిళ్ళ మీద చిరునామాలు రాసే పనికి ఇక్కడ చేరాడు. కంప్యూటరు వచ్చిన రోజున అందరూ షాకు కొడుతుందేమోనని దూరంగా నిలబడితే, తనొక్కడే ముందుకెళ్ళి ముట్టుకున్నాడు. ఆ ముట్టుకోవడమే ఉద్యోగమైంది.

మెషిను ఒక్కటే, అద్దాల గదిలో ఉంటుంది. దానికి తగిలించిన టెర్మినళ్ళు, అంటే తెరా కీబోర్డూ, మూడు జతలు. ఎవరి పేరు వాళ్ళు కొట్టుకుని లోపలికి పోవాలని, అప్పుడే ఎవరు చేసిన ఫైలు వాళ్ళ పేరు మీద పడుతుందని బిగించినవాళ్ళు చెప్పే వెళ్ళారు. కానీ పొద్దున మొదటి లారీ కదిలే వేళకి జయపాల్ స్కూటరు స్టార్టవదు, సత్యశ్రీ ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కడో ఆగిపోతుంది, వచ్చాక హడావిడిలో పాస్‌వర్డ్ తప్పు కొడతారు. ఈ బాధ పడలేక పోతురాజు తనే ముందొచ్చి మూడూ తన పేరు మీద తెరిచిపెట్టడం మొదలెట్టాడు. వాళ్ళు వచ్చి కూర్చోవడమే, పని మొదలుపెట్టడమే. సత్యశ్రీ చేరి పదేళ్ళయింది. ఆవిడ పాస్‌వర్డ్ ఏమిటో ఆవిడకే గుర్తులేదు.

ఇదంతా అతని మంచితనమని ఆఫీసులో అనుకునేవారు. కొంత మంచితనమే. మిగతాదేమిటో పోతురాజుకి తెలుసు. మూడూ తెరిచాక తన తెర ముందు కూర్చుని ఎల్, ఎస్ అని కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి, మళ్ళీ ఎల్ కొడతాడు. లిస్టింగ్ దిగుతుంది, అంటే మెషిన్లో ఉన్న ఫైళ్ళ వివరాలన్నీ, ఫైలుకో వరస చొప్పున. మొదటి గడిలో ఎవరు చదవొచ్చో, ఎవరు దిద్దొచ్చో చెప్పే అక్షరాలు. పక్కన ఓ అంకె. మూడో గడిలో ఆ ఫైలు ఎవరిదో వాళ్ళ పేరు. ఆ తర్వాత గ్రూపు, సైజు, తేదీ, చిట్టచివర ఫైలు పేరు. మూడో గడిలో పైనుంచి కింద దాకా పోతురాజు, పోతురాజు, పోతురాజు. తెర నిండిపోయి వరసలు పైకి జరిగిపోతుంటాయి, పేరు మాత్రం మారదు. అది చూస్తుంటే అతనికి కడుపులో వేడి టీ పడ్డట్టుండేది. రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చులో చూసుకోని పేరు మరి. ఓసారి పెళ్ళానికి కూడా చెప్పుకున్నాడు.

"ఆఫీసులో ఫైళ్ళన్నీ నా పేరు మీదేనే, నాంచారమ్మా."

"ఫైళ్ళేం చేసుకుంటాం. ఓ సెంటు స్థలముంటే చెప్పు," అందామె, చేప పొలుసు తీస్తూ.

ఇవాళ కూడా కొట్టాడు. పేరు దిగింది. బల్ల కింద మోకాలు ఊగుతూనే ఉంది.

హైదరాబాదు వాళ్ళు పంపిన శాలిని ఆ వారమంతా ఇక్కడే ఉంది. నెమ్మదైన పిల్ల, ఎవర్నీ కసురుకోదు, వాచ్‌మన్‌ని కూడా గారు అంటుంది. రాగానే పోతురాజుని పిలిచి ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది.

"నిన్న మీ మెషిన్లో లిస్టింగ్ తీసి చూశానండీ. ఈ ఆఫీసు మొత్తం మీరొక్కరే నడిపినట్టున్నారు."

పోతురాజు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే పొంగిపోయాడు. "ఏదోనండి. అలవాటైపోయింది."

"సత్యశ్రీ గారి పేరు మీద ఒక్క ఫైలూ లేదండీ. పదేళ్ళుగా ఆవిడేం చేసినట్టు?"

పొంగింది పొంగినట్టే చల్లారిపోయింది. పోతురాజు తల గోక్కున్నాడు. కాసేపు మాట్లాడకుండా ఊరుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. ఊరుకుందామనే అనుకున్నాడు. నోరు మాట వినలేదు.

"అలా కాదండీ. ఆవిడ చేసినవి కూడా నా పేరు మీదే పడ్డాయి. పొద్దున్నే నేనే తెరిచిపెట్టేవాణ్ణి."

శాలిని నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఆలోచించింది. "నేను నమ్ముతానండీ. కానీ పైవాళ్ళకి నేను పంపేది లిస్టింగే. ఈ మాట రాస్తే, ఇన్నేళ్ళూ ఎందుకలా చేశారని మొదలెడతారు. ఇద్దరికీ ఇబ్బందవుతుంది. సాయంత్రం కాఫీ అయ్యాక చివరిసారి తీస్తాను. అప్పుడు అందులో ఏముంటే అదే పంపిస్తాను."

అది దారి చూపించడమో, చేతులు దులుపుకోవడమో పోతురాజుకి అర్థం కాలేదు. మెట్లు దిగి టీ తాగాడు. పైకొచ్చి ప్రింటరులో కాగితం ఉందో లేదో చూశాడు, ఉంది. మళ్ళీ దిగాడు. బండివాళ్ళ గొడవ తీరిపోయి వాళ్ళంతా ఒకే బీడీ కట్ట చుట్టూ కూర్చుని ఉన్నారు. అతనికి వాళ్ళ మీద అకారణంగా కోపం వచ్చింది.

తన ఫైలుని ఇంకొకరి పేరు మీదకి మార్చే కమాండు ఒకటుంది. ఈ పాత మెషిన్లో ఎవరి ఫైలు వాళ్ళు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఇచ్చాక మళ్ళీ లాక్కోవడం ఉండదు, తీసుకున్నవాళ్ళు తిరిగిస్తే తప్ప. ఇన్నేళ్ళలో అతను ఆ కమాండు ఒక్కసారి కూడా వాడలేదు.

ముందు జయపాల్‌వి తీశాడు. గుంటూరు లైను, తెనాలి లైను, అంటే ఆ దారుల్లో పోయే పార్సిళ్ళ లెక్కలు. ఇవి ఇచ్చినా ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు, చెయ్యి అలవాటు పడుతుందని. కొట్టి, లిస్టింగ్ తీసి చూశాడు. మూడో గడిలో పోతురాజు, పోతురాజు, ఆ కింద జయపాల్. పంటి కింద రాయి పడ్డట్టయింది. చిన్నపిల్లాడిలా ఏమిటిదని తనని తనే తిట్టుకున్నాడు.

మధ్యాహ్నం సత్యశ్రీ డబ్బా ముందు పెట్టుకుని మూత తియ్యకుండా కూర్చుంది. నలభై దాటిన మనిషి, బక్కగా ఉంటుంది, పమిట భుజం మీద పిన్నుతో బిగించి ఉంటుంది. మొగుడు నడుం పడిపోయి ఇంట్లో ఉన్నాడు. ఆ ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోందని అందరికీ తెలుసు.

"బాబాయి గారూ, నా పేరు ఎక్కడా లేదంటగా."

"ఎవరన్నారు?"

"హైదరాబాదు ఆవిడే అడిగిందండీ, మీరేం చేస్తారని. పామర్రు లైను, గుడివాడ లైను, బందరు లైను నావేనని చెప్పా. చూపించమంది. చూపిస్తే మీ పేరుంది." డబ్బా మూత మీద గోటితో గీస్తూ కూర్చుంది. "నేనేం మిమ్మల్ని అనలేదండీ."

అని ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. పోతురాజు తన చేపల పులుసు డబ్బా సగంలోనే మూసేశాడు.

అన్నం కాగానే కూర్చుని పామర్రు లైను సత్యశ్రీ పేరు మీదకి ఇచ్చేశాడు. గుడివాడ లైను ఇచ్చేశాడు. బందరు దగ్గర ఆగాడు. అన్నిటికన్నా పెద్దది అదే. అది తన పేరు మీద ఉంటే లిస్టింగులో ఇద్దరూ సరిసమానంగా కనబడతారు. సమానమైతే పాతవాణ్ణే ఉంచుతారు. అసలైనా బందరు తన ఊరు, ఆ లైను తనదంటే కాదనేవాళ్ళెవరు. ఈ లెక్క నిలవదని తెలిసి కూడా వేసుకున్నాడు. కానీ దాచుకోలేక ఆవిణ్ణి పిలిచి చెప్పేశాడు.

సత్యశ్రీ విని తలూపింది. "బందరు మీరుంచుకోండి బాబాయి గారూ. మీకు మాత్రం ఇల్లు లేదా. నాకివి చాలు."

"చాలవమ్మా. ఇది నా దగ్గరుంటే నిన్ను తీసేస్తారు."

"చాలకపోతే చాలకపోనీండి. ఎక్కడోచోట నా పేరైతే ఉంది కదా." తెర మీదికి వంగింది. "ఏదండీ, ఓసారి చూపించండి."

లిస్టింగ్ తీశాడు. ఆవిడ చూపుడువేలు అద్దానికి ఆనించి మూడో గడి వెంట కిందకి జరుపుతూ, ఒక్కో వరస దగ్గర పెదవులు కదుపుతూ తన పేరు చదువుకుంది. తెర నిండి పైకి జరిగినా వేలు తియ్యలేదు. ముఖంలో ఏదో వెలుగు. పోతురాజు ఆ ముఖం ఎరుగును. ఇన్నేళ్ళూ పొద్దున పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఆ ముఖం తను పెట్టుకున్నదే. ఆవిడ ఒక్కరోజు కూడా అలా చూసుకోలేదు. ఆవిడ వేళ్ళు కొట్టిన ప్రతి అక్షరం మీదా తన పేరు వేసుకుని తను కడుపు నింపుకున్నాడు.

శాలిని కాఫీకి దిగింది. సత్యశ్రీ ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. పోతురాజు బందరు లైను తీసి, సత్యశ్రీ పేరు ఒక్కో అక్షరమే కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత నొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇక తనవి వెతుక్కున్నాడు. తను చేసినవి, అచ్చంగా తనవే. పైకీ కిందకీ రెండుసార్లు చూశాడు. మెషిను ఆగిపోతే మళ్ళీ లేపినవాడు తను. పాడైపోయిన ఫైళ్ళని కాపీలు దాచిన టేపులోంచి తీసి ఎవరివి వాళ్ళకి ఇచ్చినవాడు తను. ప్రింటరు రిబ్బను మార్చినవాడు, తలుపు తాళం తీసినవాడు తను. వీటిలో దేనికీ ఫైలు ఉండదు. పోతురాజు పేరు మీద మిగిలింది ఒక్కటే, లోపలికి రాగానే మెషిను తనకి తాను చదువుకునే చిన్న ఫైలు. అది మామూలు లిస్టింగులో కనబడదు.

కాఫీ అయ్యాక శాలిని లిస్టింగ్ తీసింది. తెర వైపు చూసి, పోతురాజు వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూసింది.

"మీ పేరు ఒక్కచోట కూడా లేదండీ."

"లేదండీ."

"కొన్నైనా ఉంచుకోవాల్సింది."

"నావైతే ఉంచుకునేవాణ్ణేనండీ."

ఆమె ఆ లిస్టింగ్ ఉన్నదున్నట్టే హైదరాబాదుకి పంపింది. ఆఫీసు కట్టేసేలోగానే మేనేజరు రామకోటేశ్వరరావు గారికి ఫోనొచ్చింది. ఆయన పోతురాజుని లోపలికి పిలిచి, కుర్చీ వెయ్యించి, నెల జీతం పూర్తిగా ఇస్తారని, రేపట్నుంచి రానక్కర్లేదని, అది హైదరాబాదు మాట తప్ప తన మాట కాదని చెప్పాడు. పోతురాజు సరేనండీ అన్నాడు. బయటికొచ్చాక తలుపు మెల్లిగా వేశాడు.

మూడు టెర్మినళ్ళలోంచీ తన పేరు బయటికి తీశాడు. మూడు తెరల మీదా ఎవరు మీరని అడిగే వరస ఒక్కటే నిలిచింది. సత్యశ్రీ బ్యాగు భుజాన వేసుకుని అతని వెనకే నిలబడి ఉంది. ఆవిడకి అప్పటికే తెలిసింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

"బందరు లైను నేను తిరిగి మీకిచ్చేస్తా, బాబాయి గారూ. ఎలాగో చెప్పండి, కొడతా."

"పంపేశారమ్మా. ఇప్పుడిచ్చినా చూసేవాళ్ళు లేరు. నీదే, ఉండనీ."

ఆవిడ మూడు తెరలూ వరసగా చూసింది. "మరి రేపు పొద్దున్న ఎవరు తెరుస్తారండీ?"

"నువ్వే తెరువు. నీ పాస్‌వర్డ్ ఇందాక కొత్తది పెట్టాను, మీ పాప పేరే. అన్నీ చిన్నక్షరాల్లో కొట్టమ్మా. పెద్దక్షరాలు కొడితే దానికి అనుమానం, లోపలికి రానివ్వదు."

డబ్బా సంచీ తీసుకుని మెట్లు దిగాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బెంజి సర్కిల్ దాటాక ఏదో మరిచిపోయినట్టనిపించి సంచీ తడుముకున్నాడు. డబ్బా ఉంది, కళ్ళజోడు ఉంది, తాళాలు ఇచ్చేశాడు. కంకిపాడు దగ్గరపడుతుండగా గుర్తొచ్చింది. దిగి వెనక్కి వెళ్ళేంత వస్తువు కాదని కూర్చుండిపోయాడు. కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడల్లా మెషిను వేడెక్కకుండా విసిరే తాటాకు విసనకర్ర, అంచుకి నాంచారమ్మ తన పాత చీర ముక్క కుట్టినది, అద్దాల గది తలుపు వెనక మేకుకి ఉండిపోయింది.