అంచు వదిలేసిన లెక్క

యాభై ఏడు, యాభై ఎనిమిది అని ఆయన లోలోపల లెక్కపెడుతుండగా, చీటీలు కంప్యూటరులో ఎక్కించే అమ్మాయి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. లెక్క మధ్యలో పలకరిస్తే ఆయనకి ఎక్కడలేని కోపం వస్తుందని తెలుసు కనుక నోరు మూసుకునే నిలబడింది. మైక్రోస్కోపు మీద వంగిన ఆయన వీపు కదల్లేదు. కుడిచేతి వేళ్ళు మాత్రం పక్కనున్న మీటల పెట్టె మీద టక్కుటక్కుమని ఆడుతున్నాయి. పెద్ద తెల్లకణం కనిపిస్తే చూపుడువేలు, చిన్న గుండ్రటిది కనిపిస్తే మధ్యవేలు, మిగతా రకాలకి మిగతా వేళ్ళు. వంద నిండగానే పెట్టెలో చిన్న గంట మోగింది. అప్పుడు తలెత్తాడు.

"ఇంకో ముప్ఫై రెండు వచ్చాయండీ, వందగారూ," అంటూ ఆ అమ్మాయి ట్రే బల్ల మీద పెట్టింది.

వందగారు అన్నది ఆయన పేరు కాదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ ఆస్పత్రి రక్తపరీక్షల గదిలో కూర్చుని, ఒక్కో గాజుపలక మీద వంద కణాల చొప్పున లెక్కపెడుతూ వచ్చాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. జీతం కాగితం మీదున్న అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలుకుతాడో లేదో అనుమానమే. వయసు యాభై ఏడు. సన్నటి మనిషి. ఎప్పుడూ ఒంటికన్నుతో చూసే పాత అలవాటు వల్ల ఎడమకన్ను కుడికన్ను కన్నా కాస్త చిన్నదిగా ఉంటుంది. పదేళ్ళ కింద నిమిషానికొక రక్తాన్ని లెక్కతేల్చేసే యంత్రం వచ్చినప్పుడు ఆయన బల్లని మూలకి నెట్టేశారు. ఇప్పుడీ మాయదారి కరోనా వచ్చి, వార్డులు నిండిపోయి, యంత్రంలో పోసే ద్రావకం ఎక్కడా దొరక్క అది మూలపడేసరికి, ఆయన్ని బల్లతో సహా మళ్ళీ కిటికీ దగ్గరికి లాక్కొచ్చారు.

"చూశారా, ఈ వయసులో మిమ్మల్ని మళ్ళీ పెళ్ళికొడుకుని చేశారు," అని ఆ అమ్మాయి మొదటి రోజు వేళాకోళం ఆడింది. ఆయన నవ్వలేదు కానీ, ఆ పూట చొక్కా మాత్రం ఇస్త్రీది వేసుకొచ్చాడు.

ఏ రక్తం ఎవరిదో, తను రాసిచ్చిన అంకె చూసి వార్డులో ఏం చేస్తారో ఆయన ఈ ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. "మన పని లెక్కపెట్టడం వరకే. మిగతాది వాళ్ళ పని," అనేవాడు. గర్వంగానే అనేవాడు. అడక్కపోవడం కూడా నిజాయితీలో భాగమేనని ఆయన నమ్మకం.

పోయిన వారం మాత్రం పైనుంచి కొత్త పద్ధతొకటి వచ్చింది. కరోనా రోగుల పెద్ద కణాల అంకెని చిన్న కణాల అంకెతో భాగించి, వచ్చిన దాన్ని చీటీ మీద విడిగా రాయాలి. ఎనిమిది దాటితే కింద ఎర్రగీత కొట్టాలి. ఎందుకన్నది కాగితంలో లేదు. కంప్యూటరు అమ్మాయి లిఫ్టు నడిపేవాణ్ణి అడిగి తెలుసుకొచ్చింది. "ఎనిమిది దాటితే ఇక ఆశ వదులుకున్నట్టేనటండీ. పై అంతస్తులో మంచాలు ఎక్కడున్నాయి? బతికేవాళ్ళకే ఇస్తారట." ఆయన ఊఁ అని ఊరుకున్నాడు. ఆ రోజున ఆ మాటతో ఆయనకేం పని లేదు.

మొన్న సాయంత్రం నుంచి మాత్రం పని పడింది. ఆయన భార్య కింది వార్డులో, తలుపు నుంచి ఏడో మంచం మీద ఉంది. ఈ గది నుంచి అక్కడికి రెండు నిమిషాల నడక. లోపలికి ఎవర్నీ రానివ్వరు, ఆస్పత్రి మనుషులైనా సరే. ఆవిడ దర్జీ. వదులైన బట్టలు బిగించడం, బిగుతైనవి వదులు చెయ్యడం, ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పిల్లలు లేరు. ఒకరి కళ్ళు సూదిబెజ్జంలో, ఇంకొకరి కళ్ళు గాజుపలక మీద అరిగిపోయాయని, రాత్రి అన్నంలో రాయి ఉంటే తీసే కన్ను ఇంట్లో ఒక్కటీ మిగల్లేదని ఆవిడే నవ్వుతుండేది.

పదిన్నరకి ట్రేలో పంతొమ్మిదో గొట్టం తీస్తే దాని మీద ఆవిడ పేరుంది.

చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. గాజుపలక చివర ఒక చుక్క. ఇంకో పలక అంచుతో ఆ చుక్కని వెనక్కి తాకించి ఒక్క ఊపున ముందుకి నెడితే, నాలుక ఆకారంలో పల్చటి పొర. ఆరాక రంగు పోసి, కడిగి, నిలబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. పొర మధ్య నుంచి అంచు దాకా, అంచు నుంచి మళ్ళీ మధ్యకి మెట్లు మెట్లుగా జరుపుతూ లెక్కపెట్టాడు. చూపుడువేలు ఆగకుండా కొడుతూనే ఉంది. మధ్యవేలికి పనే లేదు. గంట మోగింది. పెద్దవి ఎనభై ఎనిమిది, చిన్నవి ఎనిమిది. భాగిస్తే పదకొండు.

పదకొండు అన్న అంకెని ఆయన చాలాసేపు చూశాడు. ఈ చీటీ కిందికి వెళితే ఆవిణ్ణి ఇక పట్టించుకోరు, మంచం ఇంకెవరికో ఇస్తారు, అంతే. దేవుడా, నా చేత్తో నేనే ఎర్రగీత కొట్టాలా అనుకున్నాడు.

పలకని మళ్ళీ పెట్టాడు. పెద్ద కణాలు పొర అంచులకి కొట్టుకుపోతాయి, చిన్నవి మధ్యలో ఉండిపోతాయి. "మధ్యలోనే కూర్చుని లెక్కపెట్టారా, చిన్నవి ఎక్కువ కనిపించి మోసపోతారు. అంచు దాకా వెళ్ళి రావాల్సిందే," అని పనిలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెవినిల్లు కట్టుకుని చెప్పిన మనిషాయన. ఈసారి అంచు జోలికి వెళ్ళలేదు. మధ్యలోనే అటూ ఇటూ తిరిగాడు. కనపడనిదాన్ని కనపడిందని కొట్టలేదు. ఒక్క మీట కూడా దొంగగా నొక్కలేదు. గంట మోగింది. పెద్దవి ఎనభై నాలుగు, చిన్నవి పదకొండు. ఏడు పాయింట్ ఆరు.

చీటీ మీద అదే రాశాడు. ఎర్రకలం ముట్టుకోలేదు.

"హమ్మయ్య! ఎనిమిది లోపే," అంది ఆ అమ్మాయి కంప్యూటరులో ఎక్కిస్తూ. పేరు చూసి గుర్తుపట్టింది. "ఇక ఆవిడకేం భయం లేదండీ." ఆయన ఇరవయ్యో గొట్టం తీసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళకి ఆవిడే ఫోన్ చేసింది. మాటకీ మాటకీ మధ్య ఆక్సిజన్ బుసబుస వినపడుతోంది.

"వందగారూ... నాకెన్ని మార్కులు?"

"ఏడున్నర."

"పాసేనా?"

"పాసే."

"మరి ఆ గొంతేంటి, నేనేదో పోయినట్టు? తిన్నారా?"

"ఆఁ. నీకెలా ఉంది?"

"ఎవరో నా పక్కటెముకలకి... రెండంగుళాలు లోపలికి పట్టి కుట్టేశారండీ. విప్పుదామంటే... కత్తెర అందట్లేదు." నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా ఆయన ఫోన్ పట్టుకునే ఉన్నాడు. "పక్క మంచం ఆమెకి తొమ్మిదట... ఇందాకే మంచంతో సహా తోసుకుపోయారు. పాపం, చిన్న వయసు."

ఎక్కడికి అని ఆయన అడగలేదు. అమ్మాయి చెప్పింది నిజమేనన్నమాట అనుకున్నాడు. ఆ వెంటనే, తను చేసింది మంచి పనేనని ధైర్యం కూడా వచ్చింది.

"పడుకో. మాట్లాడకు," అన్నాడు.

"ఎప్పుడు మాట్లాడనిచ్చారు కనక," అని ఆవిడ పెట్టేసింది.

మధ్యాహ్నమంతా లెక్కపెట్టాడు. నలభై ఒక్క పలకలు, ప్రతిదీ అంచు దాకా వెళ్ళి వచ్చి. పదహారు చీటీల కింద ఎర్రగీత కొట్టాడు. ఒక్కోటి కొడుతున్నప్పుడల్లా ఎవరి ఇంటివాళ్ళో అని మనసు పీకింది.

నాలుగూ ఇరవైకి కింది వార్డు నుంచి ఫోన్ వచ్చింది. మెట్లు దిగి వెళ్ళేసరికి నర్సు తలుపు బయటే నిలబడి ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తొడుగే, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు చూడగానే ఆయనకి విషయం అర్థమైపోయింది. గోడకి చెయ్యి ఆనించాడు.

"ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయిందండీ. పావుగంట కూడా టైమివ్వలేదు. పైన మంచం కోసం పరుగెత్తాం, ఉన్న ఒక్కటీ మధ్యాహ్నమే ఇచ్చేశారు." అంది నర్సు. "మీరేం చెయ్యగలరు చెప్పండి. పొద్దున లెక్క కూడా బాగానే ఉంది కదా. ఏడున్నరే కదా అని మేమంతా ధీమాగా ఉన్నాం."

ముప్ఫై ఒక్కేళ్ళలో మొదటిసారి ఆయన అడిగాడు. "ఎనిమిది దాటినవాళ్ళని ఏం చేస్తారమ్మా?"

"ముందు వాళ్ళనే కదండీ పైకి పంపేది. ఎర్రగీత అందుకే కదా. ఇంకా ముదరకముందే పెద్ద మిషన్ పెడితే కొందరైనా నిలబడతారని." ఆమె వింతగా చూసింది. "మీకు తెలీదా?"

"పక్క మంచం అమ్మాయి..."

"పైనే ఉందండీ. కాస్త తేరుకుంటోంది."

గోడకి ఆనించిన చేతి చూపుడువేలు మీట నొక్కినట్టు టక్కుటక్కుమని కొట్టసాగింది. నర్సు అది దుఃఖమనుకుంది. చేతితొడుగుతోనే ఆయన భుజం తట్టింది. "మీ లెక్క ఏనాడూ తప్పు పోదు, అందరికీ తెలుసు. రోగమే అలాంటిదండీ," అంది. లోపల ఎవరో కేకేస్తే వెళ్ళిపోయింది. తలుపు గాజులోంచి ఏడో మంచం కనపడుతుందేమోనని చూశాడు. అడ్డంగా తెర లాగేశారు. నేనే చంపుకున్నానే నిన్ను అని పైకే అన్నాడు. వరండాలో వినేవాళ్ళెవరూ లేరు.

తిరిగి మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. గదిలో కంప్యూటరు అమ్మాయి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన లేని పావుగంటలో వార్డు నుంచి సాయంత్రం ట్రే వచ్చి బల్ల మీద కూర్చుంది. అన్నిటికన్నా ముందు వరసలో ఒక గొట్టం, దాని మెడకి అర్జెంటు చీటీ. తీసిన సమయం నాలుగు గంటల రెండు నిమిషాలు, ఏడో మంచం. చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. లెక్కపెట్టలేదు, పారబొయ్యనూ లేదు, తీసినచోటే నిలబెట్టాడు. చూస్తుండగానే గొట్టంలో ఎరుపు మెల్లగా అడుక్కి దిగుతూ వచ్చింది, పైన లేత పసుపు నీరు గోరంత మందాన తేట తేరింది.