రత్నం ఆగే చోటు

“అద్దం మళ్ళీ మాయమైందా?”

శివప్రసాద్ మొహం నిండా సబ్బు నురగతో పెరటి గుమ్మంలో నిలబడి అరిచాడు. నూతి పక్క గోడ మీద అద్దం ఉండాల్సిన చోట మేకు మాత్రమే ఉంది.

“మాయమవడమేంటండీ, దొంగలు పడ్డట్టు? నా బల్ల మీదుంది. రెండు నిమిషాల్లో ఇచ్చేస్తాను,” అంది సత్యప్రియ వసారా గదిలోంచి.

“ఆ రెండు నిమిషాలూ మొదలై పావుగంటైంది. అవతల ఎనిమిదింటికి లారీ లోడవ్వాలి. సగం గెడ్డంతో వెళ్ళమంటావా?”

“లారీకి ఎడంపక్క నిలబడు, ఎవరికీ కనబడదు,” అంది అత్తగారు వీరాయమ్మ, తోటకూర కాడలు తుంచుతూ. కొడుకుని ఒక మాటన్నాక కోడలికీ సమంగా పంచడం ఆవిడకు అలవాటు. “అయినా అమ్మాయ్, ఆడవాళ్ళు బొట్టు దిద్దుకోడానికి అద్దం చూసుకుంటారు గానీ మూతులు తిప్పుకోడానికి చూసుకుంటారా? నిన్న పాలావిడ కిటికీలోంచి చూసి, ‘కోడలుగారికి పన్నునొప్పా అండీ’ అనడిగింది. ఏం చెప్పమంటావు?”

సత్యప్రియ మూతులు తిప్పుతున్న మాట నిజమే. ఏడుపు దిగమింగే ముసలివాడి కింది పెదవి ముందు లోపలికి పోతుందా, పక్కకి లాగుతుందా అని చూస్తోంది. లోపలికే పోయింది. ఆ సంగతి తేలాక పెన్సిలు చెవి మీద దోపుకుని, అద్దం పట్టుకెళ్ళి మేకుకి తగిలించింది. ఆరిన నురగ మీద గబగబా గీసుకోవడంతో శివప్రసాద్ గెడ్డం కింద చిన్న గాటు పడింది. ఆ గాటు కూడా సత్యప్రియ ఖాతాలోనే పడింది. కాగితమ్ముక్క అంటించుకుని, స్కూటరెక్కి, అంబాజీపేట రోడ్డు మీద తను గుమస్తాగా చేసే కొబ్బరి కొట్టుకి వెళ్ళిపోయాడు.

సత్యప్రియ బల్ల ముందు కూర్చుంది. ఆ బల్ల ఊళ్ళో వడ్రంగి చేతే చేయించింది. మధ్యలో పలకంత గాజు, దాని కింద ట్యూబులైటు. చేస్తున్నంతసేపూ ఆయన ఊరుకుని, చివరికి ఆగలేక, “కోడిగుడ్లు పొదిగిస్తారా అమ్మా?” అనడిగేడు. లైటు వేస్తే కింది కాగితం మీది గీతలు పై కాగితంలోంచి కనిపిస్తాయి. పెద్ద ఆర్టిస్టు చెయ్యి దించి ఉన్న మనిషిని ఒక కాగితం మీద, చెయ్యెత్తిన మనిషిని ఇంకో కాగితం మీద గీసి పంపుతాడు. ఆ చెయ్యి కిందినుంచి పైకి లేవడానికి మధ్యలో కావలసిన బొమ్మలన్నీ సత్యప్రియ గీస్తుంది. పదేళ్ళుగా అదే పని. పెళ్ళికి ముందు మూడేళ్ళు హైదరాబాదులో స్టూడియోలో కూర్చుని గీసింది. పెళ్ళయ్యాక కట్టలు బస్సు పార్సిల్లో వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కడెక్కడి దేశాల టీవీల్లోనో ఆమె ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. అవి ఎవరెత్తారన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఈ నెలాఖరుతో అదీ ఆఖరు. మధ్య బొమ్మలన్నీ ఇకనుంచి కంప్యూటర్లకే అప్పగిస్తున్నామని స్టూడియోలో పనంతా చూసుకునే సుందరరావుగారు ముందే చెప్పాడు. “మెయిన్ బొమ్మలు గీసేవాళ్ళే ఉంటారమ్మా. పరీక్ష రాయి. నెగ్గితే ఇక్కడికొచ్చెయ్, లేకపోతే ఇంక నేను చెయ్యగలిగిందేం లేదు,” అన్నాడు. రెండుసార్లు రాసింది. రెండుసార్లూ ‘శుభ్రంగా ఉంది, నడక ఎవరిదీ కాదు’ అనే చీటీతో తిరిగొచ్చింది. మూడోది, ఆఖరిది, మంగళవారం పంపింది. బడి వదిలాక పిల్లలు తాటిదుంగ మీదుగా పంటబోదె దాటడం సన్నివేశం. ఈ రోజు రెండో శనివారం. నాలుగు రోజులుగా ఫోను మోగినప్పుడల్లా సత్యప్రియ చేతిలో పని చేతిలోనే వదిలేసి లేస్తోంది.

తొమ్మిదిన్నరకి మోగింది.

“సత్యప్రియా, నీ పార్సిలు విప్పేను. మధ్యలో తాళ్ళేమైనా తెగాయా?” సుందరరావుగారి గొంతు చిరాగ్గా ఉంది. “జడల పిల్ల బొమ్మల్లో ముప్ఫై ఒకటి తర్వాత డెబ్బై తొమ్మిది ఉంది. నలభై ఏడు కాగితాలు లేవు. మిగతా పిల్లలవి అన్నీ ఉన్నాయి.”

సత్యప్రియకు వెంటనే అర్థమైంది. ఏ బొమ్మ ఎంతసేపు ఆగాలో రాసే పట్టీ ఒకటి కట్టతో పాటు పంపాలి. పదేళ్ళలో ఆ పట్టీ పెద్ద ఆర్టిస్టులు నింపి పంపితే చూసి గీసిందే గానీ, తనంతట తాను ఎన్నడూ నింపలేదు. ముందు రెండు పరీక్షల్లో బొమ్మ ఎక్కడా ఆగలేదు గనక ఆ లోటు తెలియలేదు. బొమ్మల మీద నంబర్లు వేసి, పట్టీ ఖాళీగా పెట్టి పంపేసింది. పెళ్ళికి అన్నీ సర్దుకుని శుభలేఖ మీద ముహూర్తం వెయ్యడం మర్చిపోయినట్టు.

“దారిలో పడిపోయుంటే చెప్పు. సోమవారానికల్లా మళ్ళీ గీసి పంపు, నేను సర్దుకుంటాను,” అన్నాడాయన, మెత్తబడి.

అది నిజంగా మంచి దారి. పడిపోయాయండీ అంటే చాలు. రెండు రోజుల్లో నలభై ఏడు బొమ్మలు ఆమెకు లెక్కలోది కాదు. ఆ పిల్ల కూడా అందరిలాగే చకచకా దాటేస్తుంది. ఎవరూ తప్పు పట్టరు.

“పడిపోలేదండి,” అంది సత్యప్రియ. “నేను గియ్యలేదండి. ఆ పిల్ల అక్కడ ఆగుద్దండి.”

“సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. అంటే రెండు సెకన్లా?”

“ఆయ్.”

“రెండు సెకన్లు బొమ్మ కదలకపోతే చూసేవాళ్ళు లేచొచ్చి టీవీని చేత్తో కొడతారమ్మా! ఆ జపానువాళ్ళ వేషాలు మనకెందుకు? గియ్యడానికి ఒళ్ళొంగక బొమ్మని నిలబెట్టి నోరొక్కటే కదుపుతారు.”

“మీరొక్కసారి కెమెరాలో తీసి చూడండి. వెనకాల పిల్లలంతా కదుల్తానే ఉంటారు. పట్టీ రాయకపోవడం నా తప్పేనండి. ఆ పిల్ల మాత్రం ఆగుద్దండి.”

“చూసి ఫోన్ చేస్తాను,” అని సుందరరావుగారు పెట్టేశాడు.

వీరాయమ్మ తోటకూర పక్కన పెట్టి తలెత్తింది. “ఏమంటాడు?”

“చూసి చెప్తాడంట అత్తయ్యగారూ.”

“నువ్వు ఎదురు చెప్పినట్టు వినబడింది?”

“చెప్పేనండి.”

వీరాయమ్మ కోడలిని ఎగాదిగా చూసి, మళ్ళీ కాడలు తుంచడంలో పడింది.

పెరట్లో ధబ్బుమని చప్పుడైంది. ఆ వెంటనే వరసగా నాలుగు. ఆ రోజు కొబ్బరి దింపు. కాయలు దింపడానికి వచ్చినవాడు బంగారరాజు, సత్యప్రియ పుట్టినూరివాడు, ఏడో తరగతి దాకా ఆమె క్లాసువాడు. అప్పట్లో ‘ఒసేయ్ సత్తీ’ అనేవాడు, ఇప్పుడు ‘అండీ’ అంటాడు. సత్యప్రియ మజ్జిగ పట్టుకెళ్ళేసరికి చెట్టు దిగి, కాళ్ళ బంధం విప్పుకుంటున్నాడు. ఇద్దరూ స్నేహితులేం కాదు. బళ్ళో పదిసార్లు మాట్లాడుకుని ఉంటారేమో.

“బంగారరాజుగారూ, నేను పరీక్షకి గీసింది ఒకటి చూపిస్తాను, నవ్వకూడదు,” అని తన దగ్గర మిగిలిన, పిల్లలందరూ ఒకే కాగితం మీదున్న చిత్తు కట్ట తెచ్చింది. అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో కట్ట పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కాగితాలు జారవిడిచింది. పిల్లలు కదిలారు. అందరికంటే ముందున్న కుర్రాడు పుస్తకాల సంచి నెత్తికి తగిలించుకుని, కళ్ళు ఆకాశం వైపు పెట్టి, మడమలు ఆనకుండా దుంగ మీద గెంతుకుంటూ పోయాడు.

“ఓర్నాయనో!” బంగారరాజు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. “ఇది నేను కదండీ! మడమ ఆనితే మా అమ్మ తిట్టేదండి, చెప్పులరిగిపోతాయని. ఇంకోసారి తిప్పండి.”

రెండోసారి తిప్పింది. వరసలో నాలుగోది రెండు జడల పిల్ల. దుంగ మధ్యకి వచ్చి నిలబడిపోయింది. వెనక పిల్లలు చేతులూపుతున్నారు, ఒకడు చొక్కా పట్టుకుని లాగబోతున్నాడు. పిల్ల కదల్లేదు.

బంగారరాజు మొహంలో నవ్వు పోయింది. “రత్నమండి.”

“ఎలా తెలిసింది? మొహం కూడా సరిగ్గా లేదు కదా.”

“మొహమెందుకండీ? అక్కడ ఇంకెవరాగుతారు? ‘నడవ్వే’ అని ఎంత మొత్తుకున్నా కదిలేది కాదు. నేనో రోజు మట్టిబెడ్డ కూడా ఇసిరేనండి.” మజ్జిగ గ్లాసు మళ్ళీ అందుకుని, “ఇప్పుడు కువైట్‌లో ఉందంట. అరబ్బోళ్ళింట్లో పని. శుక్రవారం శుక్రవారం వాళ్ళమ్మకి ఫోన్ చేస్తదంట,” అన్నాడు.

రత్నంతో సత్యప్రియ మాట్లాడింది మొత్తం రెండుసార్లు. ఒకసారి రబ్బరు అడిగింది, రత్నం దగ్గర లేదు. ఇంకోసారి ఆ దుంగ మీదే, వెనకనుంచి తోపులాటలో విసిగిపోయి, “ఎందుకే రోజూ ఆగుతావు?” అని అడిగింది. రత్నం నీళ్ళ వంకే చూస్తూ, “దాటేస్తే ఇంక ఇల్లే గదా,” అంది. ఇంటి దగ్గర ఇద్దరు తమ్ముళ్ళు, గేదె, మంచాన పడ్డ మామ్మ ఉన్నారని అందరికీ తెలుసు. ఎనిమిదిలో బడి మానేసింది. ఏ తరగతి ఫొటోలోనూ రత్నం లేదు.

పదకొండింటికి కూతురు రమ్యశ్రీ టీవీ పెట్టింది. ఒకటో తరగతి పిల్లకి జపాను బొమ్మలంటే ప్రాణం. వీరాయమ్మ తిట్టడానికని వచ్చి కూర్చుని, చివరిదాకా లేవదు.

“ఆ కళ్ళేంటే, చింతకాయ పచ్చడి జాడీ మూతల్లాగ!” అంది.

“కళ్ళు సరే, ఆ పిల్లని చూడండి అత్తయ్యగారూ,” అంది సత్యప్రియ. టీవీలో ఒక పిల్ల రైలు స్టేషన్లో నిలబడి ఉంది. జుట్టు చివర్లు తప్ప ఏదీ కదలడం లేదు. “హైదరాబాదులో అందరూ ఈ జపానువాళ్ళని పనిదొంగలనేవారు. నేనూ అనేదాన్ని. మా ఫ్రెండొకామె సీడీలిస్తే తెల్లవార్లూ చూసేనండి. మనం బొమ్మ కదలకపోతే చచ్చిపోయిందనుకుని, ఊరికే తలాడిస్తాం, రెప్పలు కొట్టిస్తాం. వీళ్ళు ధైర్యంగా ఆపుతారు. ఆగినప్పుడే మనిషి ఏదో అనుకుంటోందని తెలుస్తుంది. పక్కింటి కబురు వినేటప్పుడు మీరు కిళ్ళీ నమలడం కూడా ఆపేస్తారు చూడండి, అలాగ.”

“నన్ను కూడా గీసేవా ఏంటి?”

“ఇంకా లేదండి.”

“గియ్యకు,” అంది వీరాయమ్మ. కానీ స్టేషన్లో పిల్ల రైలెక్కేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. రైలు వెళ్ళిపోయాక, “పాపం,” అంది.

ఫోను ఒంటిగంట దాటాక మోగింది. సత్యప్రియ మూడో రింగుకి ఎత్తింది.

“ఎవరమ్మా ఆ పిల్ల?” అన్నాడు సుందరరావుగారు. పలకరింపు కూడా లేదు.

“మా క్లాసమ్మాయండి. రత్నమని.”

“మూడుసార్లు తిప్పి చూసేం. మొదటిసారి నేనే టీవీ పాడైందన్నాను. రెండోసారి గదిలో అందరూ వచ్చేరు. మూడోసారి ఆ పిల్ల కదిలి అవతలి గట్టెక్కేసరికి…” ఆయన మాట మార్చాడు. “ఇరవై రెండేళ్ళ నుంచీ ఆగకూడదని అందరికీ చెప్తున్నాను నేను. సరే. పట్టీ రాయడం నేర్చుకో, అది లేకుండా పంపితే ఇంకోసారి ఊరుకోను. సోమవారం నుంచి మెయిన్ బొమ్మలు నీవి. ఎనిమిది నెలల సినిమా. టైటిల్స్‌లో పేరేస్తారు, ఇంటిపేరుతో సహా చెప్పు.”

సత్యప్రియ ఇంటిపేరుతో సహా చెప్పింది. ఒక్కొక్క అక్షరం విడమరిచి రెండుసార్లు చెప్పింది. ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్ళి, రాశి పోసిన కొబ్బరికాయల మధ్య కాసేపు నిలబడింది. బంగారరాజు ఆఖరి చెట్టు మీదున్నాడు. “నెగ్గేను!” అని అరిచింది పైకి చూసి. “రత్నం నెగ్గిందండీ!”

“ఆయ్!” అని పైనుంచి వినబడింది. పందెం గెలిచినవాడిలా రెండు కాయలు ఒకేసారి వదిలాడు. “నేనో?”

“మీరూ!”

రెండింటికి శివప్రసాద్ భోజనానికి వచ్చాడు. గెడ్డం మీద కాగితం ఊడిపోయింది. ముగ్గురూ పీటల మీద కూర్చున్నారు. తోటకూర పులుసు, కంద వేపుడు. వీరాయమ్మకు ఫోను సంగతీ, రత్నం సంగతీ సత్యప్రియ ముందే చెప్పింది. అయినా ఆ మాట కోడలికే వదిలేసి, అందరికీ వడ్డించి, తనూ వడ్డించుకుని కూర్చుంది. మామూలుగా సత్యప్రియ ఏదైనా అడగాలంటే ఆయన మజ్జిగన్నంలోకి వచ్చేదాకా చూసేది. ఈసారి మొదటి ముద్ద దగ్గరే చెప్పింది.

“ఏమండీ, నేను పరీక్ష నెగ్గేను. సోమవారం హైదరాబాదులో పనిలో చేరాలి. రేపు రాత్రి బస్సుకి నేనూ రమ్యా వెళ్తున్నాం. ఎనిమిది నెలలు. నెలకోసారి మేం వస్తాం, మధ్యలో మీరు రండి. ఇందాక ఫోన్ చేస్తే, రమ్య బడి సంగతి అక్కడున్న మా అన్నయ్య చూస్తానన్నాడు.”

శివప్రసాద్ నోట్లోది మింగాడు. భార్యని చూశాడు. ఏడేళ్ళుగా ఆమె మాటల చివర వచ్చే ‘వెళ్ళనా’ కోసం కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

“పిల్లనెవరు చూస్తారు? నువ్వేమో పొద్దస్తమానం బొమ్మల మీద పడి ఉంటావు,” అన్నాడు చివరికి.

“నేను చూస్తాను,” అంది వీరాయమ్మ.

“నువ్వా? మరి నాకు కూడెవరు వండుతారు?”

“నీకు చేతులు లేవా? కందిపప్పు డబ్బా ఎక్కడుందో చెప్పి పోతాలే. అది ఎవరో రత్నమంట, మామ్మకి మందులిచ్చి, తమ్ముళ్ళకి వండి, అరబ్బు దేశం కూడా పోయింది. నువ్వు నాలుగు మెతుకులు ఉడకేసుకోలేవా?” అని, కోడలి వైపు తిరిగి, “మూడు టిక్కెట్లు చెప్పు. నాకు కిటికీ పక్క,” అంది.

రమ్యశ్రీ కంచం మీద చేత్తో దరువేసింది. సత్యప్రియకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కింది పెదవి ఏం చేస్తోందో ఆమె చూసుకోలేదు.

శివప్రసాద్ లేచాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా వసారాలోకి నడిచి, ఎడమచేత్తో ఫోనెత్తి, అమలాపురం బస్సు ఆఫీసు నంబరు తిప్పాడు. “అండీ, రేపటికి హైదరాబాదు… ఆయ్, మూడండి. ఒకటి కిటికీ పక్కన, మా అమ్మగారికి,” అని గట్టిగా చెబుతున్నాడు.

ఆయన కంచంలో పులుసన్నం ముద్ద, అయిదు వేళ్ళ గుర్తులతో, కలిపింది కలిపినట్టే ఉంది.